నూటెనిమిదో ముత్తైదువ

దానధర్మాలు చేసేవాళ్ళను దూరం నుంచి చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. నేను దగ్గర నుంచి చూశాను కాబట్టి నాకు ఆ ఇబ్బంది లేదు.

రెండు వేల ఆరు, ఏడు ప్రాంతంలో నేను చిలకలూరిపేటకు కాస్త అవతల ఒక ఊళ్ళో సబ్ సెంటర్ నర్సుని. సబ్ సెంటర్ అంటే ఆస్పత్రి అనుకునేరు. ఎరువుల గోడౌన్‌కు ముందున్న ఒక గది, అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, టీకాల డబ్బా, నేను. గర్భిణీలకు ఐరన్ బిళ్ళలు ఇవ్వడం, ఆ బిళ్ళలు దిబ్బ మీద పారేశారని తెలిసి మళ్ళీ ఇవ్వడం నా ఉద్యోగం. మొగుడు పొన్నూరులో బియ్యం మిల్లు గుమాస్తా. అక్కడే ఇంకొకామెతో కాపురం. ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి మీకూ చెబుతున్నాను.

ఆ ఏడు మిరప కోతలకు కొత్త కూలీలు దిగారు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో రెండు వైపుల తుపాకుల మధ్య ఇరుక్కుని ఊళ్ళకు ఊళ్ళు తగలబడితే, పిల్లల్ని చంకనేసుకుని రోజుల తరబడి నడిచి భద్రాచలం వైపు వచ్చిపడ్డ కోయవాళ్ళు వాళ్ళు. అక్కడి మేస్త్రీ ఒకడు వాళ్ళను లారీల్లో ఎక్కించి మా వైపు తోలుకొచ్చాడు. మూతబడ్డ జిన్నింగు మిల్లు వెనక ఖాళీ జాగాలో ఎరువుల సంచులు కుట్టి గుడిసెలు వేసుకున్నారు. మా రైతులకు వాళ్ళు తెగ నచ్చేశారు. మంచి కూలీలండీ, మారు మాట్లాడరు అని మెచ్చుకునేవాళ్ళు. మాట్లాడితే వీళ్ళకు అర్థమయ్యేది ఏముంది? వాళ్ళ భాషలో వాళ్ళు ఏమని తిట్టుకున్నారో ఎవరికి తెలుసు. బాగా తిట్టుకునే ఉంటారని నా ఆశ.

రెవెన్యూ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మిరప ఘాటుకు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, జీపు దిగకుండానే విచారణ జరిపాడు. పని కోసం వచ్చినవాళ్ళు వలస కూలీలు, వలస కూలీలకు సాయం చేసే పద్దు లేదు అన్నాడు. ప్రాణభయంతో పారిపోయి వచ్చినట్టు వాళ్ళ ఊరి సర్పంచి సంతకంతో కాగితం ఉంటే పంపమన్నాడు. ఊరు కాలిపోయిందని ఆ ఊరి నుంచే కాగితం తేవాలి. ఇంత తెలివి మన ఆఫీసుల్లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

నేను ఉద్యోగం మొదట్లో నాలుగేళ్ళు భద్రాచలం అవతల కోయ గూడేల్లో చేశాను. అక్కడ నాకు అబ్బిన భాష వీళ్ళ భాషకు పినతల్లి బిడ్డ లాంటిది. అంతా కలవదు కానీ ముఖం పోలిక తెలుస్తుంది. అందుకని జ్వరాలకూ దగ్గులకూ బిళ్ళలు పట్టుకుని తరచూ అటు వెళ్ళేదాన్ని. ఆ దగ్గుల్లో ఒకటి రెండేళ్ళ ఆడపిల్లది. దాని డొక్కలు ఎగరేస్తుంటే నేనే పేట పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి సూదులు వేయించాను. బతికింది. ఇంక చలి తగలకూడదు, వెచ్చగా చూసుకో అని తల్లికి చెప్పాను. ఆమె ఇరవై దాటని మనిషి. దేంతో కప్పాలి అని అడిగింది. ఆ గుడిసెలో చేట, గిన్నె, ఒక గోనె ఉన్నాయి. ఆ ప్రశ్నకు మా డిపార్ట్‌మెంటులో బిళ్ళ లేదు.

జిల్లా పేపర్లో ఆ గుడిసెల ఫొటో పడేసరికి పేటలో పెద్దలకు మెలకువ వచ్చింది. ఒక సహాయ కమిటీ పుట్టింది. ముందుగా పాత బట్టలు పోగుచేశారు. పేట జనం బీరువాలు దులుపుకోవడానికి ఇంతకాలం ఈ పుణ్యకాలం కోసమే కాచుకుని ఉన్నారు కాబోలు. చిరిగిన ప్యాంట్లు, కాన్వెంటు టైలు, ఎవరిదో పెళ్ళినాటి సూటు కోటు, చెమ్కీ పూల జాకెట్లు, గుండీలు కత్తిరించేసుకున్న చొక్కాలు. గుండీల మీద మాత్రం మమకారం చావలేదన్నమాట. ఆ మూటలు తెచ్చి మిల్లు గోడకు ఆనించి పడేశారు. ఆ తర్వాత కాలేజీ పిల్లలు, లారీ డ్రైవర్లు, స్పిన్నింగు మిల్లు పనివాళ్ళు తలా కాస్త వేసుకుంటే కొత్త రగ్గులు వచ్చాయి. మంచి రగ్గులు. నేను వేలితో పట్టి చూశాను.

కమిటీ అధ్యక్షుడు గుంటూరు యార్డులో మిర్చి కమిషన్ వ్యాపారి. మేలైన కాయలో కూడా తాలు ఏరి ధర కోసే మనిషి. ఆయన భార్యకు ఒక మొక్కు మిగిలిపోయి ఉంది. ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు, ఈ గండం గడిస్తే మాఘమాసంలో నూటెనిమిది మంది ముత్తైదువలకు వాయనం ఇస్తానని మొక్కుకుంది. గండం గడిచి మూడేళ్ళయింది. పేటలో నూటెనిమిది మంది ముత్తైదువలను ఒక పూట పోగుచెయ్యడం మాటలు కాదు. ఒకరికి షుగరు, ఒకరికి సీరియలు, ఒకరు ఈవిడ మీద అలిగారు, ఇంకొకరి మీద ఈవిడే అలిగింది. సరిగ్గా అప్పుడే మిల్లు వెనక వందమందికి పైగా ఆడవాళ్ళు దిగారు. ఏ పేరంటానికీ రాననలేరు, వచ్చాక వంకలు పెట్టలేరు. అంతకన్నా మంచి ముత్తైదువలు ఎక్కడ దొరుకుతారు?

పురోహితుణ్ణి కూడా అడిగారట. ముత్తైదువతనానికి కులం లేదని ఆయన సెలవిచ్చాడు. మా వాడ ఆడవాళ్ళ గురించి ఆ ముక్క ఆయన ఏనాడూ అనగా నేను వినలేదు. మొత్తానికి జనం ఇచ్చిన రగ్గులు ఆవిడ వాయనం అయిపోయాయి. రగ్గు మీద రవికగుడ్డ, దాని మీద పసుపు, కుంకుమ, డజను మట్టిగాజులు, గుప్పెడు నానబెట్టిన శెనగలు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే విన్నాను కానీ, ఆ దానంతో మొక్కు కూడా తీర్చుకోవచ్చని అప్పుడే చూశాను.

మేస్త్రీకి వాళ్ళ భాష వచ్చినా, పేరంటంలో మాట అటూ ఇటూ చేరవెయ్యడానికి ఆడమనిషి ఉండాలని నన్ను రమ్మన్నారు. మొగుడు పోయినవాళ్ళ సంగతి ఏమిటని ఆవిడను అడిగాను.

"వాళ్ళకీ ఉందండీ సిస్టర్. పాత బట్టలు బోలెడున్నాయిగా. కార్యక్రమం అయినాక వాచ్‌మన్ వెనకపక్క పంచేస్తాడు," అంది.

ఇళ్ళు తగలబడి వచ్చినవాళ్ళలో మొగుడు చచ్చినవాళ్ళకు చలి తక్కువ వేస్తుందని ఆవిడ నమ్మకం. నేను ఇంకేదో అనబోయేలోగా ఆవిడ చూపు నా నుదుటి మీద పడింది. నేను చర్చికి పోయే మనిషిని, బొట్టు పెట్టుకోను. ఆవిడ తన బ్యాగులోంచి స్టిక్కర్ల అట్ట తీసి, ఒక్క పూటకే కదా, బోసి ముఖంతో మధ్యలో నిలబడితే బాగోదు అని ఒకటి నాకిచ్చింది. పెట్టుకున్నాను. రగ్గులు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి కాబట్టి పెట్టుకున్నానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అయినా న్యాయంగా చూస్తే నేనూ ముత్తైదువనే. పొన్నూరులో ఆయన గుండ్రాయిలా ఉన్నాడు.

మిల్లు ఆవరణలో షామియానా వేశారు. అధ్యక్షుడు చేతులు జోడించిన ఫ్లెక్సీ కట్టారు. మైకు, ఫొటోగ్రాఫరు, కూల్‌డ్రింకులు అన్నీ వచ్చాయి. కూల్‌డ్రింకులు కమిటీకి. కోతల రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన ఆడవాళ్ళను ఎండలో వరసగా నిలబెట్టి మేస్త్రీ చేత రిహార్సలు వేయించారు. అధ్యక్షుడి భార్య "ఇస్తినమ్మ వాయనం" అంటే వీళ్ళు "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి. అది మూడుసార్లు. మిరప కాయ తప్ప ఇంకో తెలుగు మాట రానివాళ్ళ నోట ఆ మాట పలికించడానికి గంట పట్టింది. పలకలేక వాళ్ళలో వాళ్ళు నవ్వుకున్నారు. ఎంత సంతోషంగా ఉన్నారో చూడండి అని అధ్యక్షుడు మైకులో చెప్పాడు.

తర్వాత వాయనాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ రాగానే భర్త ఉన్నాడా అని నేను కోయలో అడగాలి, జవాబు తెలుగులో చెప్పాలి. చాలామందికి ఉన్నారు, అక్కడే చేలల్లో కాయ కోస్తున్నారు. కొందరు చచ్చిపోయాడు అన్నారు. ఎలా చచ్చిపోయాడో కూడా ఒకామె చెప్పబోయింది. వెనక లైను ఆగిపోతోందని మేస్త్రీ ఆమెను పక్కకు జరిపేశాడు. వాళ్ళందరినీ గోడ పక్కన కూర్చోబెట్టారు. ఒక ముసలామె తనను కూర్చోమన్నది మర్యాద కోసం అనుకుని నీడలో కాళ్ళు చాపుకుని హాయిగా నవ్వింది. ఆ నవ్వు చూశాక నేను అక్కడి నుంచి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు.

చివరికి నూట ఏడుగురు తేలారు. వరసలో మిగిలింది ఆ రెండేళ్ళ పిల్ల తల్లి. పిల్ల ఆమె భుజం మీద నిద్రపోతూ మధ్యమధ్య దగ్గుతోంది. నేను అడిగాను. తెలియదు అంది. నాకు అర్థం కాలేదేమోనని మళ్ళీ నెమ్మదిగా చెప్పింది. ఎడ్లను తోలుకురావడానికి వాడు అడవిలోకి వెళ్ళాడు. ఆలోగా ఊరు అంటుకుంది. ఆమె పిల్లను తీసుకుని పరిగెత్తింది. ఏడాది దాటింది. వాడు వెనక్కి వచ్చాడో, ఎవరికైనా దొరికాడో, తన కోసం వెతుకుతున్నాడో తెలియదు. ఇదంతా ఏడవకుండా చెప్పింది. వాడి గురించి వర్తమానం తెస్తారేమోనని కొత్తగా లారీ వచ్చినప్పుడల్లా ముందు ఆమే పరిగెత్తేదని మేస్త్రీ అన్నాడు.

నేను తెలుగులో చెప్పాను. అధ్యక్షుడి భార్య ముఖం చిట్లించింది.

"తెలీదంటే ఎట్టా అండీ? ఉన్నాడా లేడా ఏదో ఒకటి చెప్పాలిగా. సందేహం మనిషికి ఇస్తే మొక్కు చెడుద్ది. మళ్ళీ ఒక్కదానికోసం నేను ఊరి మీద పడాలి," అంది.

ఫొటోగ్రాఫరు వాచీ చూసుకున్నాడు. ఆవిడకు ఒక ముత్తైదువ తక్కువయింది. పిల్లకు రగ్గు కావాలి. నేను ఆలోచించే చెప్పాను, నోరు జారి కాదు. ఉన్నాడంటండీ, దర్శి వైపు కోతలకు పోయాడంట, వీళ్ళకి సరిగ్గా చెప్పడం రాదు అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను మేస్త్రీకి కన్ను కొట్టాను కూడా, వాడు అర్థం చేసుకుంటాడని. ఆ మేస్త్రీ పక్కనే నిలబడి ఆమెతో వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పాడు. వాయనం ఎలా పుచ్చుకోవాలో చెబుతున్నాడనుకున్నాను.

ఆమె ముఖం చూస్తుండగానే మారిపోయింది. పిల్లను సర్దుకుని, రెండు చేతులూ చాపి, అంతమందిలో ఎవ్వరూ పలకనంత చక్కగా మూడుసార్లూ పలికింది. అధ్యక్షుడి భార్య మురిసిపోయి, తన చేతులతో ఆమెకు గాజులు తొడిగి, నిండు నూరేళ్ళు పసుపు కుంకుమలతో ఉండమని దీవించింది. మర్నాడు పేపర్లో పడింది ఆ ఫొటోనే. రగ్గు చూసి ఎంత సంబరపడిందో పాపం అనుకున్నాను.

రెండు రోజులు నా తెలివికి నేనే మురిసిపోయాను. పీహెచ్‌సీలో తోటి నర్సుకు పూసగుచ్చినట్టు చెప్పి నవ్వించాను. అంత పెద్దావిడ మొక్కును నా అబద్ధంతో నింపాను, ఆవిడకు తెలియను కూడా తెలియదు అన్నాను. డబ్బున్నవాళ్ళను మోసం చెయ్యడంలో ఉన్న రుచి ఇంకెందులోనూ లేదు.

మూడో రోజు పిల్లను చూద్దామని వెళితే గుడిసెకు గోనె అడ్డం వేసి ఉంది. మేస్త్రీ నన్ను చూడగానే చిరాకుపడ్డాడు. ఆమె వాయనం పుచ్చుకున్న మర్నాడే పిల్లను తీసుకుని దర్శికి పోయిందట, చెయ్యి తిరిగిన కూలీ, నాలుగు సాళ్ళు ఆగిపోయాయట.

"మీరు చెప్పిందే కదండీ నేను చెప్పింది. మీ ఆయన దర్శి వైపు ఉన్నాడంట, సిస్టర్ గారికి కబురు తెలిసిందంట అని చెప్పా. అట్టా కన్ను కొడితే, తొందరగా చెప్పమంటున్నారనుకున్నా," అన్నాడు.

సెలవు పెట్టి అద్దంకి మీదుగా దర్శి బస్సెక్కాను. ఆ చుట్టుపక్కల మిరప చేలు ఒకటా రెండా? ప్రతి నాలుగు చేలకూ ఒక గుడిసెల గుంపు, ప్రతి గుంపులోనూ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు. రెండు చోట్ల మాత్రం, ఎర్ర రగ్గులో పిల్లను కట్టుకుని ఒకామె వచ్చింది, ఒక మనిషి పేరు అడిగి వెళ్ళిపోయింది అన్నారు. ఎటు వెళ్ళిందంటే తలా ఒక దిక్కు చూపించారు. సాయంత్రం బస్సులో తిరిగివస్తూ కమిటీని, మొక్కును, మేస్త్రీని, రెవెన్యూ ఆయన్ను వరసబెట్టి తిట్టుకున్నాను. ఎవరినీ వదల్లేదు. గురివింద గింజ నలుపు దానికి తెలియదంటారు. నాకు చిలకలూరిపేట వచ్చేదాకా తెలియలేదు, వచ్చాక కూడా పూర్తిగా తెలియలేదు.

ఆ తర్వాత మూడు రోజులకు పొద్దున్నే నేను సబ్ సెంటర్ తాళం తియ్యడానికి వెళ్ళేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. పిల్ల ఒళ్ళో మెలకువగానే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. దర్శి దగ్గర లేడు అంది. చాలా చోట్ల అడిగాను, నువ్వు ఏ చేలో చూశావో చెప్పు అంది.

అంత దూరం ఆమె ఈ ఒక్క ప్రశ్న కోసమే తిరిగి వచ్చిందని నాకు తెలిసిపోయింది. చూడలేదని చెప్పాను. ఆ రోజు పెద్దావిడ ఉన్నాడా లేడా అని పట్టుబట్టింది, తెలియదంటే రగ్గు ఇవ్వదు, పిల్లకు చలి తగులుతుంది, అందుకని లేని మాట చెప్పాను అన్నాను. నా అతుకుల కోయలో ఎంత చేతనైతే అంత చెప్పాను. అరుస్తుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. నేను చెప్పినదాన్ని మనసులో ఒకసారి తిప్పి చూసుకుంటున్నట్టు ఉంది.

"వాడు ఉన్నాడని చెప్పావు," అంది. "ఇప్పుడు అది లేని మాట అంటున్నావు. అంటే వాడు చచ్చాడని నువ్వు ముందే అనుకున్నావు."

నేను అలా అనుకోలేదు అనబోయాను. కానీ అనుకున్నాను. ఏడాది దాటింది, ఊరు కాలింది, ఎడ్లను తోలుకురావడానికి పోయినవాడు ఇంకెక్కడ ఉంటాడు అని, ఆమె తెలియదు అని నోరు మూసేలోపే నాలో నేను తేల్చేసుకున్నాను. అధ్యక్షుడి భార్యను ఇన్నాళ్ళూ తిట్టాను. ఆవిడ కనీసం అడిగింది. తెలియదని ఆమె చెప్పింది నిజం, ఆమెకు ఉన్నది ఆ ఒక్క నిజమే, దాన్ని ఉన్నది ఉన్నట్టు నమ్మినవాళ్ళు ఆ షామియానా కింద ఎవరూ లేరు. నాకు ఆమె భాష వచ్చు. అయినా నమ్మలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

పిల్ల ఛాతీ చూస్తానని చేతులు చాపాను. ఆమె ఇవ్వలేదు. దర్శి కాకుండా మిరప కోతలు ఇంకా ఏ ఊళ్ళలో జరుగుతాయి అని అడిగింది. నాకు తెలిసిన ఊళ్ళ పేర్లన్నీ చెప్పాను. ఒక్కొక్క పేరూ తన నోటితో తిరిగి పలికి, సరిగ్గా పలికిందో లేదో నన్ను అడిగి రూఢి చేసుకుని, రోడ్డు ఎక్కి వెళ్ళిపోయింది.